సముద్రం వైపు గోడ

బండలపేటలో దెయ్యాన్ని బొత్తిగా నమ్మని మనిషి నాకు తెలిసి ఒక్కతే. ఆమె పేరు గురువమ్మ. ఆ పేట దెయ్యాన్ని పాతికేళ్ళు సాకిందీ ఆమే. ఆమె గురించి నేనొకసారి పత్రికలో రాశాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నా చేతులతో చేసిన పనుల్లో అంత రోత పని ఇంకోటి లేదు. తర్వాత ఆమె చెబితే ఇంకోటి రాశాను. అందులో ఒక్క ముక్క నిజం లేదు.

ఇప్పుడు బండలపేట నుంచి తెప్పలు వెళ్ళడం లేదు. కుర్రాళ్ళంతా హార్బరుకి పోయి మరబోట్లు ఎక్కారు. గురువమ్మ కూడా పోయిన ఏడు పోయింది. కనుక ఇప్పుడు రాస్తే ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు.

అది ఎనభై ఒకటో సంవత్సరం. నాకు ఇరవై నాలుగేళ్ళు. కూర్మన్నపాలెం దగ్గర మా పొలం ఉక్కు ఫ్యాక్టరీలో కలిసిపోయింది. ఇంటికో ఉద్యోగం అన్న మాట పట్టుకుని మా నాన్న జంక్షన్లో టీ బడ్డీ ముందు బల్ల మీద కూర్చునేవాడు. ఉక్కునగరంలో ఏ సెక్టారు ఎవరి జీడితోటలో వస్తోందో ఆగినవాళ్ళందరికీ వేలు పెట్టి చూపించేవాడు. అది వినలేక నేను మద్దిలపాలెం వచ్చేశాను. బస్సు డిపో వెనక సందులో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని దొరికింది. పదో తరగతితో ఆగిన చదువు నాది. ఆ తర్వాత చదివిందంతా పాత పుస్తకాల బళ్ళ మీద దొరికిందే.

ప్రెస్సులో పెళ్ళి కార్డులతో పాటు ఎనిమిది పేజీల వారపత్రిక ఒకటి అచ్చయ్యేది. దాని ఓనరూ ఎడిటరూ గురునాథరావు. ఆయన నాకొక శీర్షిక ఇచ్చాడు. ఊళ్ళో చెప్పుకునే దెయ్యాల కథలు ఒక్కొక్కటే పట్టుకుని, అసలు సంగతి తవ్వి రాయాలి. నాకు ప్రాణం లేచొచ్చింది.

మొదటిది మావైపు కొరివి దెయ్యాలే. తాటితోపు అవతల నీలం మంటలు ఎగురుతున్నాయని మూడు ఊళ్ళవాళ్ళు కోళ్ళు కోశారు. వెళ్ళి చూస్తే అవి ఫ్యాక్టరీ షెడ్ల దగ్గర వెల్డింగు చేసే నిప్పురవ్వలు. తమ పొలాల్లో ఏం జరుగుతోందో చూడ్డానికి కంచె దాకా నడవనివాళ్ళు, కోడి మెడ కొయ్యడానికి మాత్రం ముందుకొచ్చారు. రెండోది రైల్వే యార్డు పక్క గోడౌన్లో ఏడ్చే పసిబిడ్డ. అది పగిలిన వెంటిలేటర్లోంచి దూరే గాలి. అదీ రాశాను. పాఠకుల దగ్గర్నుంచి ఉత్తరాలొచ్చాయి. బిడ్డ ఏడుపు బాగుందట. చివర్లో వెంటిలేటరు గొడవ లేకపోతే ఇంకా బాగుండేదట. నా చివరి పేరాలు ఎవరూ చదవరని అప్పుడే అర్థమైంది.

ఒకరోజు గురునాథరావు పిలిచాడు. "ఏమోయ్ అర్జునరావూ, బండలపేట దొరసాని బంగళా చెయ్యి. ఇంతవరకూ ఎవడూ ముట్టుకోలేదు. ఎన్ని రోజులైనా పట్టనీ. నా సైకిలు తీసుకుపో."

తన సైకిలు మీద ఇంకొకడి చెయ్యి పడితే ఓర్చుకోలేని మనిషి. ఎందుకింత దయ అని నేను అడగలేదు.

బండలపేట సముద్రం ఒడ్డున ఉన్న జాలర్ల పేట. డెబ్భై ఇళ్ళుంటాయి. పేట ముందు నీళ్ళలో మునిగీ మునగకుండా బండల వరస ఉంది. పేటకి ఒక పక్క ఎర్రమట్టి దిబ్బ, దిబ్బ మీద బంగళా. కప్పు కూలిపోయింది. తలుపులూ కిటికీలూ ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయారు. నాలుగు గోడలు మాత్రం రెండు నిలువుల ఎత్తున నిలబడి ఉన్నాయి.

కథ పేటలో అందరికీ వచ్చు. హార్బరు తవ్వే రోజుల్లో ఒక దొర పెళ్ళాంతో ఆ బంగళాలో ఉండేవాడు. దొరసాని అక్కడే చచ్చింది. ఎలా చచ్చిందని పది మందిని అడిగితే పది చావులు చెప్పారు. ఉరి, విషం, కత్తి, ఓడ సరంగుతో ప్రేమ, కడుపులో బిడ్డ. ఒక ముసలాడైతే ఆమె మెడ ఎలా వాలిందో తన మెడ వాల్చి చూపించి, టీ తాగించమన్నాడు. చనిపోయిన ఆడమనిషిని వాళ్ళంతా అంత రుచిగా నంజుకున్నారు. అందరూ ఒప్పుకున్న మాటలు రెండే. ఏటా కార్తీకంలో దొరసాని వచ్చి సముద్రం వైపు గోడని తెల్లగా చేసి పోతుంది. ఆ బంగళా ఇటుక తీసినవాడు రక్తం కక్కుకుంటాడు.

నేను దొరసాని సమాధితో మొదలుపెట్టాను. తెల్లవాళ్ళ పాత శ్మశానంలో రెండు రోజులు తిరిగి, మనుషులు దొడ్డికి కూర్చున్న చోట్లు తప్పించుకుంటూ ప్రతి రాయీ చదివాను. పేటవాళ్ళు చెప్పిన దొర పేరు ఏ రాయి మీదా లేదు. తర్వాత చర్చిలో పాత రిజిస్టర్లు చూసే ముసలాయన్ని బతిమాలాను. వాళ్ళ బిడ్డకి బాప్తిస్మం ఇచ్చినట్టు ఉంది. ఎవర్నీ పాతిపెట్టినట్టు లేదు. అదే పేజీ అంచున ఎవరో గుమాస్తా చిన్న అక్షరాలతో రాసుకున్నాడు. ముప్పై ఎనిమిదిలో దొర కుటుంబం బదిలీ మీద వెళ్ళిందని, దొరసాని, బిడ్డ, రెండు కుక్కలు క్షేమంగా ఓడ ఎక్కాయని.

ఇక గోడ మిగిలింది. మూడు వైపుల గోడలూ పాకుడు పట్టి నల్లగా ఉన్నాయి. సముద్రం వైపు గోడ ఒక్కటే తెలుపు. చాకుతో గీకితే ఉల్లిపొరల్లా సున్నం పొర మీద పొర వచ్చింది. ముప్పై దాకా లెక్కపెట్టి విసుగొచ్చి మానేశాను. ఏ దెయ్యమూ ఇంత క్రమంగా పని చెయ్యదు.

కార్తీకం రానే వచ్చింది. మిట్టమధ్యాహ్నం కూడా దెయ్యాల వేళే కాబట్టి ఆ పొద్దులో దిబ్బ మీదికి పురుగు కూడా రాదు. మగాళ్ళు వలలు కుట్టుకుని కునుకు తీస్తుంటారు, ఆడవాళ్ళు గంపలతో పట్నంలో ఉంటారు. నేను రోజూ ఆ వేళకి కూలిన వంటగది వెనక కూర్చునేవాణ్ణి. అయిదో రోజున ఒక ఆడమనిషి నెత్తిన కుండ పెట్టుకుని, చంకలో నిచ్చెనతో దిబ్బ ఎక్కింది. యాభై దగ్గర పడ్డ మనిషి. సన్నగా, ఎండుచేపలా ఉంది. పాత తెడ్డు రెండుగా చీల్చి అడ్డకర్రలు కట్టిన నిచ్చెన అది. గోడకి ఆనించి, కొబ్బరి పీచు కుంచె కుండలో ముంచింది.

నేను లేచి నిలబడ్డాను. ఉలిక్కిపడుతుందనుకున్నాను. పడలేదు.

"ఎవరు బాబూ నువ్వు?"

"దెయ్యాన్ని చూద్దామని వచ్చానమ్మా."

"నానే. సూసినావు కదా, ఎల్లు."

"గోడకి సున్నం ఎందుకేస్తున్నావు?"

"దొరసాని కల్లోకొచ్చి ఎయ్యమంది."

"దొరసాని చావలేదు. పిల్లనీ రెండు కుక్కల్నీ తీసుకుని ఓడెక్కి పోయింది. కాగితం చూశాను."

ఆమె కుంచె ఆపి నా మొహం చూసింది. తర్వాత నవ్వింది. "కుక్కల్ని కూడా తీసుకెల్లిపోనాదేటి? అవి దొరసాని శవం కాడ ఏడ్సి ఏడ్సి సచ్చిపోనాయని మా అత్త సెప్పీది. ముసల్ది ఎంత అల్లింది సూడు." కాసేపు నవ్వుకుని, నిచ్చెన నావైపు వాల్చింది. "వొచ్చినోడివి ఎలాగూ వొచ్చినావు. ఇది పట్టు. నిరుడు జారి నడుం పట్టీసింది."

పట్టుకున్నాను. గోడ పూర్తయ్యేసరికి నా చొక్కా నిండా సున్నం చుక్కలు. అది గుల్ల సున్నం. ఏడాది పొడుగునా ఒడ్డున గుల్లలు ఏరి, తనే కాల్చి, గంజి కలిపి చేస్తుంది. ఎందుకని మళ్ళీ అడిగాను. నోటితో చెబితే నాలాంటి వాడికి ఎక్కదని, రేపు పొద్దున్నే తన కొడుకు తెప్ప ఎక్కమంది.

కొడుకు ఎల్లాజీకి ఇరవై మూడేళ్ళు. తెప్పంటే నాలుగు దుంగలు తాళ్ళతో కట్టినది. దాని మీద కూర్చుంటే నడుం దాకా సముద్రంలోనే ఉన్నట్టు. బండలు దాటక ముందే నేను వాంతులు మొదలుపెట్టాను.

"కక్కు బావా, కక్కు," అన్నాడు ఎల్లాజీ తెడ్డు వేస్తూ. "పుస్తకాలు సదివినోడి వాంతి ఏదో తేడాగా ఉంటాదనుకున్నాను. మాలాగే ఉన్నాది."

తిరిగి వచ్చేటప్పుడు, ఒడ్డు అర మైలు ఉందనగా తెడ్డు ఆపాడు. "ఇప్పుడు సూడు. ఏటి కనపడతంది?"

ఏమీ కనపడలేదు. పొద్దుటి మంచులో ఒడ్డు, ఇళ్ళు, దిబ్బ, వెనక గుట్ట, అంతా ఒకటే బూడిద ముద్ద. అందులో తెల్లగా ఒకే ఒక్క పలక. ఆ గోడ. గుట్ట మీద ఒంటి తాడిచెట్టు గీతలా ఉంది.

"తాడిసెట్టు గోడ ఎడం కొసన నిలబడాల. అప్పుడు తెప్ప కింద దారి ఉన్నట్టు. సెట్టు గోడ మద్దికి జరిగిందనుకో, కింద బండ. మా తాత కాడ్నించీ ఇదే గురుతు." చెట్టు నెమ్మదిగా జరిగి గోడ ఎడం అంచు మీద నిలబడింది. ఎల్లాజీ తెడ్డు వేశాడు. రెండు పక్కలా నల్లటి బండలు నురగ కక్కుతుండగా మా తెప్ప మధ్యలోంచి జారి ఇసకలోకి వచ్చింది.

ఒడ్డున గురువమ్మ గంపతో ఉంది. నేను ఇసకలో పడుకుని ఉంటే పక్కన కూర్చుని, చేపలు ఏరుకుంటూ చెప్పింది.

దొరలు వెళ్ళిపోయాక బంగళాని ఎవరో కాంట్రాక్టరు కొన్నాడు. టేకు దూలాలూ ఇటుకా అమ్ముకోవడానికి. గోడ పోతే దారి పోతుందని పేట పెద్దలు వెళ్ళి మొక్కారు. "సేపల కంపు, దూరంగా నిలబడి మాటాడండి అన్నాడంట. నిలబడి మాటాడినారు. ఇననేదు." అప్పుడు గురువమ్మ అత్త పోతమ్మ దొరసానిని చంపింది. రోజూ చేపలగంప నెత్తిన పెట్టుకుని పట్నంలో ఇంటింటికీ తిరిగే మనిషి. ప్రతి గుమ్మంలోనూ గంప దించి, చేపలు తూస్తూ దొరసాని చావు చెప్పింది. గుమ్మానికో రకంగా చెప్పింది. రెండు వారాల్లో పట్నమంతా పాకింది. కాంట్రాక్టరు కూలీల్లో ఒకడు కప్పు మీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అంతే, ఇంకొకడు రాలేదు. అప్పట్నుంచి ఏటా వానలు వెళ్ళాక పోతమ్మ గోడకి సున్నం వేసేది. ఆ తర్వాత కోడలు.

"పేటోల్లకి తెలుసా?"

"ముసలోల్లకి తెలిసీది. ఆల్లు పోనారు. ఈల్లకి గోడ కావాల, దెయ్యమూ కావాల. సున్నం ఎవులేత్తన్నారో అక్కర్లేదు. దొరసానే అనుకుంటారు. నాను సెప్పను. తెలిసినోడు కల్లు తాగితే ఊరంతా తెలుస్తాది."

ఎల్లాజీ పుట్టిన ఏడు పోతమ్మ జ్వరంతో మంచాన పడింది. గురువమ్మ బాలింత. ఆ ఒక్క ఏడూ సున్నం పడలేదు. వానలకి గోడ నల్లబడి గుట్టలో కలిసిపోయింది. ఆమె మొగుడు తాతబాబు మంచులో దారి తప్పి బండ మీదికి వచ్చాడు. తెప్ప దుంగలు విడివిడిగా ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. మనిషి నాలుగో రోజున వచ్చాడు.

"ఒక్క ఏడు ఎయ్యనేదు బాబూ," అంది. గొంతులో ఏ మార్పూ లేదు. చేపలు ఏరడం ఆపలేదు. "ఇప్పుడు నా గుంటడు ఎల్తన్నాడు. నువ్వు నిజం కనిపెట్టీసినావు. బాగున్నాది. ఇంక నోరు ముయ్యి."

నేను ముయ్యలేదు. ఆమెతో వాదించాను. అబద్ధం మీద ప్రాణాలు నిలబెట్టుకోవడం ఏమిటి, ఇది అచ్చులో పడితే పెద్దవాళ్ళ కంట పడుతుంది, గోడని కాపాడతారు, లేదా అక్కడ సరైన గురుతు స్తంభం కడతారు అన్నాను.

"ఎవులు కడతారు?" అంది. "మీ బూములు తీసుకున్నోలు మీ నాన్నకేటి కట్టినారు? ఇంకా టీ బడ్డీ కాడే ఉన్నాడని నువ్వే సెప్పినావు కదా."

ఆ మాట నాకు తేలు కుట్టినట్టయింది. చేపలమ్ముకునే మనిషి నన్ను అంత సులువుగా చదివేసిందని. ఒళ్ళు మండి సైకిలెక్కాను. ఆ మంటలోనే కూర్చుని రాశాను. బాగా రాశాను. సమాధి లేకపోవడం, కుక్కలు ఓడెక్కడం, సున్నం పొరలు, మిట్టమధ్యాహ్నం నిచ్చెన, అన్నీ. దొరసాని దెయ్యం అంటే ఒక కుండెడు గుల్ల సున్నం అని రాశాను. ఎల్లాజీ తెప్పకీ, పేటలో మిగతా పదకొండు తెప్పలకీ ఆ గోడే దారి అని, దాన్ని కూల్చరాదని కూడా రాశాను. అది చివరి పేరా.

పత్రిక వచ్చిన నాలుగో రోజు ప్రెస్సుకి ఒక పెద్దమనిషి మిఠాయి పొట్లంతో వచ్చాడు. తెల్ల బట్టలు, వేలికి పచ్చరాయి ఉంగరం. శ్రీరామ్మూర్తి గారని, బీచిలో లాడ్జి కట్టబోతున్నారని గురునాథరావు పరిచయం చేశాడు. ఆ దిబ్బ ఆయన కొన్నాడు. ఏడాదిగా కూల్చడానికి మేస్త్రీ దొరకడం లేదు.

"నాలుగంతస్తులు," అన్నాడు శ్రీరామ్మూర్తి నా చెయ్యి పట్టుకుని. "మీ వ్యాసం కూలీలకి నేనే చదివి వినిపించాను. నవ్వుకుంటూ పనిలోకి వచ్చారు. మీలాంటి కుర్రాళ్ళు ఉండాలండీ దేశానికి."

"చివర గోడ గురించి రాశానండీ."

"అలాగా? అంతవరకూ చదవలేదు. అక్కడికే నవ్వొచ్చేసింది."

గురునాథరావు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. సైకిలు ఎందుకిచ్చాడో అప్పుడు తెలిసింది. నా చేతిలో పెట్టిన మిఠాయి నేతితో జిడ్డుగా ఉంది. నేను తినేశాను. అక్కడ నిలబడి, ఆ ఇద్దరి ముందూ నమిలి మింగేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

మూడు రోజుల్లో గోడలు నేలమట్టం చేశారు. నేను వెళ్ళేసరికి ఇటుకలు లారీకి ఎక్కిస్తున్నారు. దిబ్బ కింద గురువమ్మ నిలబడి ఉంది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"నిచ్చెన పట్టుకోమన్నాను సూడు," అంది. "తప్పు నాదే."

పేటవాళ్ళు వెదురుకి తెల్లగుడ్డ కట్టి దిబ్బ మీద పాతారు. వాచ్‌మన్ పీకేశాడు. మళ్ళీ పాతారు. మళ్ళీ పీకి, వెదురు తన పాకకి వేసుకున్నాడు. శ్రీరామ్మూర్తి దగ్గరికి ఇద్దరు పెద్దలు వెళ్తే రేపు రమ్మన్నాడు. ఇక తెప్పలు మంచు రోజుల్లో మూడు మైళ్ళ అవతల ఇంకో ఊరి రేవుకి చేరేవి, మనుషులు గంపలు మోసుకుంటూ ఒడ్డున నడిచి వచ్చేవారు. వచ్చేసరికి చేపలు మెత్తబడి, పట్నంలో ఆడవాళ్ళు ముక్కు మూసుకుని బేరమాడేవారు.

మాఘమాసంలో ఒక పొద్దున ఎల్లాజీ అంత దూరం వెళ్ళలేదు. మంచులో దిబ్బ మీద తెల్లగా ఏదో కనపడింది. చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటు కళ్ళది. చెట్టుని ఆ తెలుపు ఎడం కొసన నిలబెట్టి తెడ్డు వేశాడు. అది గోడ కాదు. గోడ ఉన్న చోటికి పది బారల కుడిగా పేర్చిన సిమెంటు బస్తాలు, వాటి మీద కప్పిన తెల్ల పట్టా. తెప్ప బండకి కొట్టుకుంది. దుంగకీ బండకీ మధ్య కుడికాలు పడి నలిగిపోయింది. తోడున్న ఇద్దరూ లాక్కొచ్చారు.

నేను ఆస్పత్రికి వెళ్ళేసరికి మోకాలి కింద తీసేశారు. మంచం చుట్టూ పేట సగం ఉంది. అందరి నోటా ఒకటే మాట.

"ఇల్లు కూలిస్తే దొరసాని ఊరుకుంటాదేటి."

"కాలట్టుకుని లాగీసింది. గుంటడు అదృష్టవంతుడు, పేనం వొగ్గీసింది."

రెండు నెలల కిందట నేను అచ్చులో పెట్టిన నిజం ఆ గదిలో ఒక్కడికీ గుర్తులేదు. వాళ్ళలో దాన్ని చదివించుకుని విన్నవాళ్ళున్నారు. నన్ను ఎరిగినవాళ్ళున్నారు. కాలు పోయిన మనిషి పక్కన నిలబడి, దెయ్యం తిరిగొచ్చిందని లోపల్లోపల సంబరపడుతున్నారు. నాకు వాళ్ళ మీద కంపరం ఎత్తింది. సిమెంటు బస్తాల సంగతి చెబుదామని నోరు తెరిచాను.

"అవును," అంది గురువమ్మ, నా నోటి మీద చెయ్యి వేసినట్టు. "దొరసానే. నాను కల్లారా సూసినాను. తెప్ప పక్కన నీల్ల మీద నడిసింది."

మంచం మీంచి ఎల్లాజీ తల్లిని చూశాడు, నన్ను చూశాడు. కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత వరండాలో నన్ను పక్కకి పిలిచింది. మందుల కంపు, ఉచ్చ కంపు. ఆమె కొంగు మీద ఎండిన నెత్తురు ఉంది.

"నా గుంటడి కాలు ఎలాగూ పోనాది. ఊరికే పోకూడదు. ఇంకా పదకొండు తెప్పలున్నాయి. నువ్వు రాయాల."

"ఏం రాయాలి?"

"దొరసాని ఉన్నాదని. నేదని నువ్వే రాసినావు కదా, ఉన్నాదని కూడా నువ్వే రాయాల. అప్పుడే నమ్ముతారు."

ఇప్పుడే వెళ్ళి రాస్తానన్నాను.

"ఇప్పుడు కాదు." విసుక్కుంది. "ఇప్పుడు రాసినావంటే పని ఆగిపోద్ది, గోడెవుడు కడతాడు? పాత పునాది మీదే కట్టుకొత్తన్నారు, నాను సూసినాను. రెండు నిలువులు లేవనీ. అంతకన్నా లేస్తే గుట్ట కనపడదు, తాడిసెట్టు కనపడదు. నాను సెప్పిన రోజున రాయి."

కొడుకు కాలు తీసేసిన రోజు సాయంత్రం ఆమె ఆలోచించిన పని ఇది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ నాకింత బుర్ర దొరకలేదు. ఆమె మీద కూడా ఒక క్షణం అసహ్యం వేసిందని ఒప్పుకుంటున్నాను. ఆ తర్వాత ఆ అసహ్యం ఎవరి మీదిదో తెలిసి తల దించుకున్నాను.

చైత్రం వెళ్ళి వైశాఖం వచ్చింది. గోడలు లేస్తున్నాయి. గురువమ్మ రోజూ గంప దించుకోవడానికి అన్నట్టు దిబ్బ కింద ఆగి, చూసి, పట్నం వెళ్ళేది. ఒకరోజు ప్రెస్సు గుమ్మంలో గంప దించింది. గురునాథరావు చేపల వాసనకి ముక్కు మూసుకున్నాడు.

"ఇయ్యాల రాయి," అని ఒక్క మాట చెప్పి, గంప ఎత్తుకుని పోయింది.

రాశాను. నేను పొరబడ్డానని మొదలుపెట్టాను. రిజిస్టర్లో ఒక పేజీ చించి ఉందని రాశాను. ఎల్లాజీ కాలి మీద అయిదు వేళ్ళ గుర్తులు చూశానన్నాను. దొరసాని మెడ ఎలా వాలిందో, ఆ టీ అడిగిన ముసలాడికంటే బాగా వాల్చి రాశాను. గురునాథరావు రెండుసార్లు చదివాడు. శ్రీరామ్మూర్తి స్నేహితుడే. కానీ అంతకు ముందు వారం మా పత్రిక కట్టలు కట్టలుగా తిరిగొచ్చింది. అచ్చుకి ఇచ్చేశాడు. ఆ సంచిక మధ్యాహ్నానికి డిపోలో ఒక్కటి మిగల్లేదు. ఉత్తరాలు సంచి నిండా వచ్చాయి. ఇన్నాళ్ళకి నిజం రాసే ధైర్యం చేశానని మెచ్చుకున్నారు. ఒక్కొక్కటే చింపి పొయ్యిలో వేశాను.

కూలీలు సగం మంది మానేశారు. మేస్త్రీ మాత్రం మొండివాడు, మిగిలినవాళ్ళతో లాక్కొస్తున్నాడు. నేను భయపడి పేటకి వెళ్ళాను. ఎల్లాజీ గుమ్మంలో చంకకర్రలు పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నా వ్యాసం తల్లికి చదివి వినిపిస్తున్నాడు. ఆమె రోట్లో గుల్లలు దంచుతూ వింటోంది.

"బావ మా గొప్పగా రాసినాడమ్మా," అన్నాడు ఎల్లాజీ. "నా కాలి మీద ఏల్ల గుర్తులంట. ఆ కాలెక్కడ పారేసినారో ఎల్లి సూసుకోవాల."

గురువమ్మ రోకలి ఆపింది.

"బాగున్నాది," అంది. "కుక్కల్ని మర్సిపోనావు."

తర్వాతి వారం కుక్కల్ని రాశాను. దిబ్బ మీద మధ్యాహ్నం పూట కనపడకుండా ఏడ్చే రెండు కుక్కలు. ఆ వారమే మేస్త్రీ తాపీ, తూగుగుండు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. రెండు నిలువుల ఎత్తున, కప్పు లేకుండా, నాలుగు గోడలు మిగిలాయి.

ఆ కార్తీకంలో, మిట్టమధ్యాహ్నం, నేను నిచ్చెన పట్టుకున్నాను. కొత్త ఇటుక సున్నాన్ని తాగేస్తోందని గురువమ్మ తిట్టుకుంటూ రెండో పూత కూడా వేసింది.